సోమవారం రాత్రి జ్వరం: బాలానగర్ లేజర్ కటింగ్ షెడ్‌లో ఒక కేసు

వయసు ఇరవై ఆరు. ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక జాబ్‌వర్క్ షెడ్‌లో ఫైబర్ లేజర్ కటింగ్ మెషీన్ నడుపుతున్నాడు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. ఉబ్బసం లేదు, ఇంట్లో ఎవరికీ టీబీ లేదు. వానలు మొదలైనప్పటి నుంచి జ్వరం వచ్చిపోతోందన్నది ఒక్కటే అతని బాధ. సాయంత్రం డ్యూటీ దిగే వేళకు గొంతు ఆరిపోతుంది, దాహం తీరదు. రాత్రి తొమ్మిది, పదింటికి చలి మొదలై వణుకు పుడుతుంది. జ్వరం 102 దాకా వెళుతుంది. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి దిగిపోతుంది. మర్నాడు మధ్యాహ్నానికి మనిషి మామూలుగా ఉంటాడు.

"నోట్లె ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంటది మేడం. అన్నం రుచి తెల్వదు. పొద్దుగాల లేచేసరికి ఒళ్ళు పచ్చి పుండు, గంతే. మళ్ళ ఏం లేదు," అన్నాడు.

ఆ "మళ్ళ ఏం లేదు" దగ్గరే నా చెవి ఆగింది. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏవీ ఒక్క రాత్రి వచ్చి, మర్నాడు మాయమై, సరిగ్గా వారం తిరగ్గానే తిరిగి రావు.

నేను ఫ్యాక్టరీ వైద్యం చేసే డాక్టర్‌ను. ఈ షెడ్ యజమానికీ ఈ యువకుడికీ చెప్పి, ఇద్దరి ఒప్పుకోలుతోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. మెషీన్ సంగతులు, ఒంటి సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఇలాంటి చిన్న షెడ్లు బాలానగర్, ఫతేనగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ అంతటా ఉన్నాయి. గేట్ల డిజైన్లు, ఎలివేషన్ జాలీలు, కరెంటు ప్యానెల్ బోర్డులు, హోటల్ కిచెన్ సామాను అన్నీ ఇప్పుడు లేజర్ మీదే కోస్తున్నారు. ఆ మెషీన్ల ముందు నిలబడే పిల్లల గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువ. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

నా దగ్గరికి వచ్చేలోపు జరిగింది

ముందు బస్తీలో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళాడు. ఇంజెక్షన్ వేశాడు, మర్నాటికి తగ్గింది. ఏమీ వేయకపోయినా తగ్గేదే. రెండోసారి రక్తపరీక్షలు చేయించారు. మలేరియా లేదు, డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. తెల్లకణాలు కొంచెం పెరిగాయి. వైడాల్ పరీక్షలో ఏదో అంకె కనబడిందని టైఫాయిడ్ అనుకుని యాంటీబయాటిక్ రాశారు. కోర్సు పూర్తయింది, మళ్ళీ జ్వరం వచ్చింది. ఇంకో కోర్సు రాశారు.

ఆ డాక్టర్లను తప్పుపట్టను. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది ఇక్కడే, ఈ షెడ్‌కు నాలుగడుగుల దూరమనిపించే బేగంపేటలో. వానాకాలంలో హైదరాబాద్‌లో జ్వరం అంటే మొదట దోమ గుర్తుకు రావడం సహజం, రావాలి కూడా. కానీ ఆ చీటీల్లో ఒక్కదాని మీదా "ఏం పని చేస్తాడు" అన్న గడి లేదు. మన ఓపీ చీటీల్లో పేరు, వయసు, బరువు, బీపీ ఉంటాయి. పని ఉండదు. నా బాధంతా ఆ గడి గురించే.

అతన్ని నా దగ్గరికి పంపింది యజమాని. ఆయన ఉద్దేశం వేరు. "మంచి పిల్లగాడు మేడం, పని దొంగ కాదు. కానీ మంగళారం డెలివరీ అంటే చాలు పడుకుంటుండు. పనికి ఫిట్టా కాదా రాసివ్వండి," అన్నాడు. షెడ్‌లో పనివాళ్ళు పదిమంది లోపే కాబట్టి ఈఎస్ఐ లేదు. డాక్టర్ ఖర్చు ఎవరి జేబులోంచి వాళ్ళదే. ఈయన తన జేబులోంచి పెట్టుకుని పంపాడు, ఆ మాట చెప్పి తీరాలి.

జాబ్ బుక్, బోనాలు

పరీక్షకు ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎక్స్‌రే మామూలే. ఊది చూసే స్పైరోమెట్రీ కూడా బాగుంది. అతని చీటీలన్నీ తారీఖుల వరసలో పేర్చి, షెడ్ నుంచి జాబ్ బుక్ తెప్పించాను. ఏ రోజు ఏ షీటు, ఎంత మందం, ఎవరి ఆర్డరు అన్నది అందులో రాసి ఉంటుంది. ప్రతి చిన్న షెడ్‌లోనూ ఉండే పుస్తకమే. వైద్యానికి పనికొచ్చే రికార్డుగా దాన్ని ఎవరూ చూడరు.

జ్వరాలు దాదాపు అన్నీ సోమవారం రాత్రివే. సోమవారాల్లో ఎక్కువగా జీఐ షీటు (పూత వేసిన ఇనుప షీటు) కోత ఉంది. ఒక ప్యానెల్ బోర్డుల కంపెనీ ప్రతి మంగళవారం సరుకు ఎత్తుకుంటుంది, అందుకని.

ఇక్కడ ఆగి చూసుకోవాలి. సోమవారం జ్వరం తెప్పించేవి షెడ్‌లో ఇంకా ఉన్నాయి. నీళ్ళు నిలవున్న ఎయిర్ కూలర్ నుంచి వచ్చే గాలి వల్ల కూడా, సెలవు తర్వాత పనిలో చేరిన రోజే జ్వరం రావచ్చు. ఆపరేటర్ బల్ల పక్కన ఒక కూలర్ ఉండేది కూడా. కానీ వానలు పడ్డాక దాన్ని తీసి అటక ఎక్కించారు. జ్వరాలు మొదలైంది ఆ తర్వాతే. టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ కాలిన పొగ ఇలాంటి జ్వరమే తెస్తుంది. అలాంటి సరుకు వాళ్ళు కోయరు. నన్ను బాగా భయపెట్టింది కాడ్మియం. ఆ పూత ఉన్న ఇనుము పొగ పీల్చినా మొదట అచ్చం ఇలాగే ఉంటుంది. అయితే మర్నాడు తగ్గిపోదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. పాత స్క్రాపు గానీ, పూత వేసిన బోల్టులు, బ్రాకెట్లు గానీ ఎప్పుడైనా మెషీన్ బెడ్ (షీటు పరిచి కోసే బల్ల) మీద పెట్టారా అని గుచ్చి గుచ్చి అడిగాను. లేదు. అంతా కొత్త షీటే.

సంగతి తేల్చింది బోనాల సెలవు. ఆ వారం సోమవారం షెడ్ మూశారు. జీఐ కోత మంగళవారం జరిగింది. జ్వరం మంగళవారం రాత్రి వచ్చింది. దోమకు క్యాలెండర్ తెలియదు. ఇంకో వారం పెద్ద ఆర్డరు వచ్చి మూడు రోజులు వరసగా జీఐ కోశారు. మొదటి రాత్రి జ్వరం గట్టిగా వచ్చింది, రెండో రాత్రి నలతగా అనిపించింది, మూడో రాత్రి ఏమీ లేదు. జింక్ పొగ పీలిస్తే వచ్చే జ్వరం లక్షణమే అది. వరసగా పీలిస్తే ఒళ్ళు రెండు మూడు రోజుల్లో తట్టుకోవడం మొదలుపెడుతుంది, ఒక్క ఆదివారం గడిచేసరికి ఆ తట్టుకునే శక్తి పోతుంది. "అలవాటైంది మేడం, ఇంక రాదు" అని యజమాని అనుకున్నది అందుకే. అలవాటైన రోజుల్లోనూ పొగ లోపలికి పోతూనే ఉంది.

జింక్ ఎందుకంటారా? జీఐ అంటే ఇనుప షీటు మీద జింక్ పూత. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటేనే సుమారు 1538 డిగ్రీలు కావాలి. లేజర్ ఇనుమును కరిగించేలోపే దాని మీది జింక్ ఆవిరై, గాలి తగలగానే జింక్ ఆక్సైడ్ పొగ అవుతుంది. ఆ పొగ రేణువులు ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గదుల దాకా పోయేంత సన్నవి. నాలుగు నుంచి పన్నెండు గంటల్లో జ్వరం తెస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. యాంటీబయాటిక్‌తో పనిలేదు. విశ్రాంతి, నీళ్ళు, పారాసెటమాల్ చాలు. బెల్లం ముక్క, గ్లాసెడు పాలు ఇస్తే పొగ దిగిపోతుందని వెల్డింగ్ షాపుల్లో ఒక నమ్మకం. ఈ షెడ్‌లోనూ సాయంత్రం బెల్లం పంచుతున్నారు. తినడానికి మంచిదే. కానీ బెల్లం పోయేది అన్నవాహికలోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. బెల్లం పెట్టాం కాబట్టి పరవాలేదన్న ధీమా మాత్రం ప్రమాదం.

మామూలు లెక్క ఒకటి యజమానికి కాగితం మీద వేసి చూపించాను. వాళ్ళు వాడేది 120 జీఎస్‌ఎం పూత, అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింక్. కోత గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే, మీటరు పొడవు కోతలో 24 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది. ఆక్సైడ్ అయితే అది సుమారు 30 మిల్లీగ్రాములు. వృత్తి ఆరోగ్య నిపుణులు పాటించే, ఏసీజీఐహెచ్ అనే అమెరికా సంస్థ పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. షెడ్ 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు, అంటే మొత్తం గాలి సుమారు 360 ఘనపు మీటర్లు. పొగ అంతా షెడ్‌లోనే నిలిచిపోతే పాతిక మీటర్ల లోపు కోతతోనే షెడ్ గాలి మొత్తం ఆ పరిమితికి చేరుతుంది. నిజానికి అంతా పొగ కాదు, కొంత బెడ్ కిందకు రాలుతుంది. కానీ ఒక ప్యానెల్ బ్యాచ్‌లో కోత వందల మీటర్లు ఉంటుంది.

"అయితే మేడం, పొగ లాగే బ్లోయర్ ఉంది కదా? పొద్దంత నడుస్తనే ఉంటది," అన్నాడాయన. మంచి ప్రశ్న. దాని కోసమే షెడ్‌కు వెళ్ళాను.

బ్లోయర్ నడుస్తోంది

నిజంగానే నడుస్తోంది. మోత చెవులు పగిలేలా ఉంది. ఆ మోత విన్నవాళ్ళెవరూ అది పని చేయడం లేదని అనుకోరు. కోత ఆపించి, బెడ్ మీద అగరబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ కింద స్లాట్ల (షీటును మోసే ఇనుప పట్టీల) మధ్యకు లాక్కుపోవాలి. అది తాపీగా పైకి లేచి, అటూ ఇటూ ఊగి, ఆపరేటర్ మొహం ఉండే ఎత్తున పరుచుకుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బ్లోయర్ ఆపి, ఆగేటప్పుడు ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూడమన్నాం. కేసింగ్ మీద బాణం గుర్తు ఒకవైపు ఉంటే ఫ్యాన్ ఇంకోవైపు తిరుగుతోంది. జూన్‌లో గాలివానకు ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగుచేసినప్పుడు త్రీఫేజ్ వైర్ల వరస మారింది. లేజర్ మెషీన్‌కు ఫేజ్ తప్పితే ఆగిపోయే రక్షణ ఉంది కాబట్టి దాన్ని ఆ రోజే సరిచేసుకున్నారు. బ్లోయర్ వేరే స్టార్టర్ మీద ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. ఇలాంటి బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి వెనక్కి ఊదదు, ముందుకే పంపుతుంది, కానీ చాలా కొంచెం. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. జ్వరాలు మొదలైంది కూడా జూన్ చివరిలోనే.

స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటుదిటు మార్చడంతో అది సరైంది. ఒక్క రూపాయి సామాను పట్టలేదు.

అంతటితో అయిపోలేదు. డస్ట్ కలెక్టర్‌లో ఫిల్టర్ కాట్రిడ్జ్‌లు తడిసి మట్టిముద్దల్లా ఉన్నాయి. వాటిని దులిపేందుకు లోపల గాలి కొట్టే ఏర్పాటు ఉంటుంది, కానీ వానాకాలపు తేమతో కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరి, ఆ నీళ్ళే ఫిల్టర్ల మీద పడుతున్నాయి. సోమవారం పొద్దున హెల్పర్ కుర్రాడు వాటిని బయటికి తీసి, మూతికి కర్చీఫ్ కట్టుకుని గాలి గొట్టంతో ఊదుతున్నాడు. అతనికి దగ్గు ఉంది, జ్వరం మాత్రం ఎప్పుడూ రాలేదు. ఈ తేడా నాకు బాగా ఉపయోగపడింది. జ్వరం తెచ్చేది ప్రధానంగా అప్పుడే పుట్టిన తాజా పొగ. నిలవ దుమ్ము ముద్దకట్టి లావవుతుంది, ఊపిరితిత్తుల్లో అంత లోతుకు పోదు. అందుకని బెడ్ మీదకు వంగి నిలబడేవాడికి జ్వరం, ఫిల్టర్ ఊదేవాడికి దగ్గు. దగ్గును తేలిగ్గా తీసుకున్నామని కాదు. ఆ దుమ్ములో స్టెయిన్‌లెస్ స్టీల్ కోతల నుంచి వచ్చిన క్రోమియం, నికెల్ కూడా ఉన్నాయి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇంకో మాట. ఆ షెడ్‌లో అప్పుడప్పుడు అల్యూమినియం కూడా కోస్తారు. దాని దుమ్మూ అదే కలెక్టర్‌లోకి పోతుంది. సన్నటి అల్యూమినియం పొడి, ఇనుప తుప్పు పొడి ఒకచోట చేరి ఒక నిప్పురవ్వ పడితే ఆర్పడం మన చేతుల్లో ఉండదు, దాని మీద నీళ్ళు పోయకూడదు కూడా. అల్యూమినియం జాబ్‌కు ముందూ వెనకా కలెక్టర్ డబ్బా ఖాళీ చేయాలని ఆ రోజే నిర్ణయం చేయించాం.

నేను వెతకనిది

జ్వరం కారణం దొరికింది. మామూలుగా కేసు అక్కడ ముగియాలి. కానీ అగరబత్తి పట్టుకుని నిలబడినప్పుడు నా కళ్ళ ఎదురుగా మెషీన్ తలుపుకున్న కిటికీ ఉంది. ఆకుపచ్చ రంగు పలక. దాని అంచులు చేత్తో కోసినట్టున్నాయి, మూలల్లో సిలికాన్ పూసి ఉంది.

మెషీన్‌తో వచ్చిన కిటికీ మీద ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి: ఎన్ని నానోమీటర్ల (తరంగదైర్ఘ్యం) కిరణాన్ని ఆపుతుంది, ఓడీ (ఎంత ఆపుతుందో చెప్పే కొలత) ఎంత అని. ఓడీ 6 అంటే పది లక్షల్లో ఒక వంతు కాంతి మాత్రమే అవతలికి వస్తుంది. ఈ పలక మీద ఏమీ లేదు. అడిగితే చెప్పారు. షీటు ఎక్కించేటప్పుడు మూల తగిలి అసలుది పగిలింది. ఏజెంటు కొత్తది తెప్పించడానికి వారాలు పడుతుందన్నాడు. మెషీన్ ఈఎంఐ మీద ఉంది. సైన్‌బోర్డుల షాపు నుంచి ఆకుపచ్చ యాక్రిలిక్ ముక్క తెచ్చి బిగించారు.

బిగించిన వ్యక్తి మూర్ఖుడు కాదు. ఆయన అంతకుముందు చాలాకాలం సీఓ2 లేజర్ మీద యాక్రిలిక్ అక్షరాలు కోసిన మనిషి. ఆ మెషీన్ల మూత యాక్రిలిక్‌దే ఉంటుంది, అక్కడ అది సరైనదే. సీఓ2 లేజర్ కిరణం 10,600 నానోమీటర్లు, దాన్ని యాక్రిలిక్ మింగేస్తుంది. ఫైబర్ లేజర్ కిరణం సుమారు 1070 నానోమీటర్లు. దానికి యాక్రిలిక్ అడ్డే కాదు, కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినట్టు దాటి వచ్చేస్తుంది. ఆకుపచ్చ రంగు వేసినా కంటికి కనబడే వెలుతురు తగ్గుతుందే తప్ప ఈ కిరణం తగ్గదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. రంగు లేకపోతే మెరుపు కళ్ళకు గుచ్చుకుని మొహం తిప్పుకుంటారు. రంగు ఉంది కాబట్టి హాయిగా చూస్తూ నిలబడ్డారు.

కంటి సంగతి తెలిస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. సీఓ2 కిరణం కంటి పైపొర దగ్గరే ఆగుతుంది. అక్కడ కాలితే నొప్పి పుడుతుంది, వెంటనే తెలుస్తుంది. 1070 నానోమీటర్ల కిరణం పైపొరను, కటకాన్ని దాటి పోతుంది. కటకం దాన్ని ఒక చుక్కగా కూర్చి నేరుగా రెటీనా మీద వేస్తుంది. మనకది కనబడదు కాబట్టి రెప్ప పడదు. రెటీనాకు నొప్పి తెలియదు. చూపు మధ్యలో మచ్చ ఏర్పడ్డాక గానీ మనిషికి తెలియదు, తెలిశాక దాన్ని పోగొట్టే మందు లేదు. 0.5 వాట్లు దాటితేనే లేజర్‌ను క్లాస్ 4, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి అంటారు. ఆ తరగతిలో నేరుగా పడే కిరణమే కాదు, షీటు మీద పడి చెదిరిన వెలుగు కూడా కన్ను పోగొట్టగలదు. ఈ మెషీన్ 3 కిలోవాట్లు, అంటే ఆ హద్దుకు ఆరువేల రెట్లు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఈ మెషీన్ క్లాస్ 1. లోపల క్లాస్ 4 లేజర్ ఉన్నా చుట్టూ మూసిన పెట్టె, సరైన కిటికీ, తలుపు తెరిస్తే ఆగిపోయే ఇంటర్‌లాక్ ఉన్నాయి కాబట్టి బయట నిలబడినవాడికి ప్రమాదం లేదు. ఆ స్టిక్కర్ ఇంకా మెషీన్ మీద ఉంది. దాని కింద ఉన్న మెషీన్ మాత్రం మారిపోయింది. ఒక వానాకాలంలో ఫ్యాన్ మారింది, ఒక డెలివరీ తొందరలో కిటికీ మారింది. ఇక ఇంటర్‌లాక్ మిగిలింది. తలుపు సెన్సర్ దగ్గర చిన్న అయస్కాంతం టేపుతో అంటించి ఉంది. తలుపు తెరిచినా మూసినట్టే మెషీన్ అనుకుంటుంది.

నేను చూసిన షెడ్లలో ప్రమాదం ఎక్కువగా ఇలాగే వస్తుంది. కావాలని ఎవరూ మెషీన్ పాడుచేయరు. ప్రతి మరమ్మతుకూ ఒక కారణం ఉంటుంది, ఆ రోజుకు అది సబబుగానే ఉంటుంది. ప్రమాదం జరిగాక "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాసేస్తారు. ఆ మాట రాసేవాళ్ళు ఆ అయస్కాంతం ఎందుకు పెట్టారో ఒక్కసారైనా అడగాలి.

నేను అడిగాను. "చిన్న ముక్కలు నిక్కుతయి మేడం," అన్నాడు ఆపరేటర్. కోత పూర్తయిన చిన్న ముక్క స్లాట్ల మధ్య ఒక అంచు దిగి, ఇంకో అంచు పైకి లేస్తుంది. కటింగ్ హెడ్ వచ్చి దానికి గుద్దుకుంటే నాజిల్ పోతుంది, ఒక్కోసారి లెన్స్ కూడా పోతుంది. ఆ ఖర్చు మాట అతనికే పడుతుంది. అందుకని తలుపు తీసి పొడవాటి కమ్మీతో ముక్కను కిందికి నొక్కుతాడు. ప్రతిసారీ మెషీన్ ఆగితే మళ్ళీ మొదలుపెట్టడానికి టైమ్ పోతుంది. అందుకే అయస్కాంతం.

అంటే ఇంటర్‌లాక్ జబ్బు తలుపు దగ్గర లేదు, నెస్టింగ్ (షీటు మీద ముక్కల అమరిక) చేసే కంప్యూటర్ దగ్గర ఉంది. ప్రోగ్రామ్‌లో చిన్న ముక్కలకు మైక్రో జాయింట్లు (కోయకుండా వదిలే సన్నటి అతుకులు) పెడితే ముక్క షీటును పట్టుకునే ఉంటుంది, నిక్కదు. హెడ్ కోసిన రంధ్రాల మీదుగా కాకుండా పక్కనుంచి పోయేలా దారి మార్చవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఉన్నాయి. డిజైన్ చేసే అబ్బాయి మైక్రో జాయింట్లు మానేశాడు, ఎందుకంటే తర్వాత వాటిని గ్రైండ్ చేయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ ఒక్క మనిషి కూలి మిగిల్చి ఆపరేటర్ కళ్ళను పణంగా పెట్టారన్నమాట. ఈ మాట యజమాని ముఖం మీదే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అయస్కాంతం తనే పీకేశాడు.

కళ్ళ పరీక్ష

ఆపరేటర్‌నూ, ఆ మెషీన్ దగ్గర నిలబడే హెల్పర్‌నూ, డిజైన్ చేసే అబ్బాయినీ రెటీనా డాక్టర్ దగ్గరికి పంపాను. గళ్ళ కాగితం చూపించే ఆమ్‌స్లర్ పరీక్ష షెడ్‌లోనే చేయవచ్చు. గీతలు వంకరగానో, మధ్యలో చెరిగినట్టో కనబడితే వెంటనే పంపాలి. అది సరిపోదు, కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడాలి, రెటీనా పొరలు చూపే ఓసీటీ స్కాన్ తీయాలి. ముగ్గురికీ మచ్చలేమీ లేవు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత ఊరటో చెప్పలేను. ఆ ఫోటోలు దాచి ఉంచమన్నాను. ఇకముందు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడడానికి అవే ఆధారం.

అసలు కిటికీ వచ్చేదాకా ఏం చేయాలన్నది పెద్ద చర్చ అయింది. వెల్డింగ్ నల్లద్దాలు పెట్టుకుంటామన్నారు. వద్దన్నాను. ఎంత నల్లగా ఉంది అన్నది కాదు, 1070 దగ్గర ఎంత ఆపుతుందో రాసి ఉందా లేదా అన్నదే లెక్క. రాసి లేని అద్దం ఏదైనా అద్దం లేనట్టే. చివరికి యాక్రిలిక్ తీసేసి దాని స్థానంలో ఇనుప రేకు బోల్టులతో బిగించారు. లోపల ఒక చిన్న కెమెరా పెట్టి, తెర మీద చూస్తూ నడిపారు. ఆపరేటర్‌కు మొదట కష్టమైంది, రెండు షిఫ్టుల్లో అలవాటైంది. నిజానికి ఇప్పుడు కిటికీ వచ్చినా కెమెరా తీయనంటున్నాడు.

మాస్కు గురించి

అందరూ మొదట అడిగేది మాస్కు గురించే, నేను చివర చెప్పేది కూడా దాని గురించే. కర్చీఫ్, సర్జికల్ మాస్కు జింక్ పొగను ఆపవు. ఎన్95 ఆపుతుంది, కానీ గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. ఏప్రిల్ ఎండలో రేకుల షెడ్ కింద షిఫ్టు పొడుగునా ఎవరూ దాన్ని పెట్టుకోరు. ఫిల్టర్ మార్చే కాసేపు, స్లాట్లు గీకి శుభ్రం చేసే కాసేపు పెట్టుకోమన్నాను. ఫిల్టర్‌ను గాలితో ఊదడం పూర్తిగా మాన్పించాం. కవరులో చుట్టి తీసి, కొత్తది పెట్టడమే. కంప్రెసర్ లైనులో తేమ పట్టే డ్రయ్యర్ పెట్టాక ఫిల్టర్లు అంత త్వరగా మూసుకుపోవడం లేదు.

బ్లోయర్ సరిచేశాక అగరబత్తి పొగ సూటిగా స్లాట్ల కిందకు పోయింది. ఆ తర్వాతి సోమవారాల్లో జీఐ కోశారు, జ్వరం రాలేదు. ఇప్పుడు ప్రతి సోమవారం కోత మొదలుపెట్టే ముందు అగరబత్తి వెలిగించి బెడ్ మీద పట్టి చూస్తారు. పూజ ఎలాగూ చేస్తారు కాబట్టి అది ఎవరికీ అదనపు పని అనిపించలేదు.

ఇంకా తేలనివి

రెండు విషయాలు మిగిలాయి.

మొదటిది స్టెయిన్‌లెస్ స్టీల్. ఎస్ఎస్ కోత పొగలో హెక్సావలెంట్ క్రోమియం, నికెల్ సమ్మేళనాలు ఉంటాయి. రెండింటినీ ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ) మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవిగా మొదటి వర్గంలో చేర్చింది. వీటికి సోమవారం జ్వరం లాంటి హెచ్చరిక లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడవచ్చు. అప్పటికి ఈ కుర్రాడు ఎన్ని షెడ్లు మారి ఉంటాడో, ఎక్కడ ఏం పీల్చాడో చెప్పే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఈ కేసు నాటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ పొగను అది పుట్టే చోటుకు వీలైనంత దగ్గరలోనే లాగేయాలనేది, 35వ సెక్షన్ కళ్ళ రక్షణ గురించి చెప్పేది. కానీ ఆ చట్టం లెక్కలో కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. లేజర్ కిరణం మనుషుల్ని లెక్కపెట్టి బయటికి రాదు. అందుకని అతనికొక ఫైల్ తయారుచేశాం: ఏ మెషీన్ మీద ఎప్పటి నుంచి, ఏ లోహాలు, ఊపిరి పరీక్ష అంకెలు, రెటీనా ఫోటోలు. ఫైల్ షెడ్ అల్మరాలో కాదు, అతని ఇంట్లోనే ఉంది. షెడ్ మారితే వెంట తీసుకుపోతాడు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు అదే చూపించమన్నాను.

రెండోది నైట్రోజన్ గది. ఎస్ఎస్ కోతకు ద్రవ నైట్రోజన్ డ్యూరా సిలిండర్లు వాడతారు. వాన తడవకుండా, దొంగతనం జరగకుండా వాటిని వెనక ఉన్న చిన్న గదిలో పెట్టి షట్టర్ దించుతున్నారు. ద్రవ నైట్రోజన్ లీటరు ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. వాడకపోయినా సిలిండర్ లోపల ఒత్తిడి పెరిగినప్పుడల్లా కొంత బయటికి వదులుతూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉండాలి, 19.5 కంటే తగ్గితే అపాయం. నేను ఆక్సిజన్ మీటరు పట్టుకుని షట్టర్ కొంచెం ఎత్తి చెయ్యి లోపల పెట్టగానే అలారం మోగింది. అందులోకి వంగి వాల్వు తిప్పేది హెల్పర్ కుర్రాడు. వయసు పంతొమ్మిది.

గోడకు కిందా పైనా జాలీ కిటికీలు పెట్టాలి, లేదా సిలిండర్లను బయట రేకు కింద ఇనుప బోనులో పెట్టాలి. షెడ్ అద్దెది, గోడ పగలగొట్టడానికి స్థలం యజమాని ఇంకా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి షట్టర్ అడుగు ఎత్తున ఆపేలా కింద ఇనుప దిమ్మె వెల్డ్ చేశారు, తలుపు దగ్గర ఆక్సిజన్ మీటరు తగిలించారు. అలారం మోగితే షట్టర్ పూర్తిగా ఎత్తి, మోత ఆగేదాకా బయటే ఉండాలి. లోపల ఎవరైనా పడిపోయి కనబడినా గాలి ఆడించకుండా వెనకే పరుగెత్తి లోపలికి పోవద్దని ఆ కుర్రాడికి ప్రత్యేకంగా చెప్పాను, రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను. బోను కొటేషన్ వచ్చింది. దీపావళి లోపు పెడతానని యజమాని మాటిచ్చాడు.